50 పళ్ల పెద్దమనిషికి

మహారాజశ్రీ వెనక స్ప్రాకెట్ వారికి,

వెనక చక్రాన్ని చైన్‌తో తిప్పే పళ్ల చక్రమైన మిమ్మల్ని పాత గుడ్డలో చుట్టి మూల పడేసినవాడు రాసుకుంటున్న ఉత్తరం. మీరు క్షేమమని తలుస్తాను. నా సంగతే కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నా డర్ట్ బైక్ స్పీడు పెరగకపోవడానికి కారణం మీరేనని గట్టిగా నమ్మాను. కంటికి కనిపించే శత్రువు మీరే మరి. ముందు ఇంజిన్ దగ్గరి చిన్న స్ప్రాకెట్‌కి 13 పళ్లు, వెనక మీకు 50. మీరు ఒక్క చుట్టు తిరగాలంటే ముందున్న ఆ బుజ్జిది దాదాపు నాలుగు చుట్లు తిరిగి చావాలి. పికప్ అదిరిపోయేది, కాదనను. కానీ టాప్ గేరులో ఇంజిన్ గొంతు చించుకుని, రెవ్ లిమిటర్ (ఇంజిన్ హద్దు మీరి తిరగకుండా ఆపేది) తగిలి టపటపలాడుతుంటే, ఎవడో తాపీగా నన్ను దాటి వెళ్లిపోతే ఎంత మంట!

అందుకే మిమ్మల్ని పీకి 46 పళ్లవాణ్ని పెట్టాను. కాగితం మీద లెక్క దివ్యంగా ఉంది. అదే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 8 శాతానికి పైగా ఎక్కువ స్పీడు. (ముందు 13ని 14 చేసినా ఇంచుమించు అంతేనని, మీ జోలికి రావాల్సిన పనే లేదని తర్వాత తెలిసింది. వదిలేయండి.)

ఆ కాగితంలో గాలి లేదు. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ఎనిమిదింతల పవర్ కావాలి. నేను ఆశపడ్డ ఆ 8 శాతానికే పావు వంతు పైచిలుకు అదనపు పవర్ ఇంజిన్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? పైగా బండి మీద నా వాలకం చూడాలి. వెడల్పాటి హ్యాండిల్, రెక్కల్లా విప్పిన మోచేతులు, హెల్మెట్‌కి చూరులాంటి పీక్. తలుపు ఊడబీకి నిలువునా పట్టుకుని పరిగెత్తినట్టే. కింద మెత్తటి మట్టి, అందులో దిగబడే గుబ్బల టైర్లు. ఆ టైరు పక్కన చిన్న అక్షరాల్లో ‘ఎం’ అని ఉంది. అంటే గంటకు 130 కిలోమీటర్ల దాకానే దాని పూచీ. ఇన్నాళ్లూ దాన్ని కంపెనీ గుర్తనుకున్నాను.

ఫలితం వినండి. టాప్ గేరు వేయగానే బండి నీరసపడింది. కింది గేరుకి దించితేనే కాస్త నయం. ఇరుకు మలుపుల్లో ఇంజిన్ ఆగిపోకుండా క్లచ్ మీదే నెట్టుకొస్తే, కాలిన వాసన నా గ్లవ్స్‌కి ఇంకా పోలేదు. అసలు ఈ బండికి స్పీడోమీటరే లేదు. తయారుచేసినవాళ్లకి ఆ అంకెతో పనేమీ లేదన్నమాట. నేను మాత్రం ఫోన్ జేబులో పెట్టుకుని జీపీఎస్‌లో కొలిచాను. మీ హయాం కంటే 3 కిలోమీటర్లు తక్కువ.

కాబట్టి మీరు తిరిగి రావాలి. ఆరు బోల్టులూ శుభ్రంగా తుడిచి పెట్టాను. ఒక్కటే చిక్కు. మీరు వెళ్లాక చైన్ వదులైందని రెండు లింకులు కోసేశాను. ఇప్పుడు మీ నడుముకి అది అందడం లేదు. ఆ గుడ్డలో మీతోపాటే ఆ లింకులు కూడా చుట్టానేమో, కాస్త చూసి చెబుతారా?

ఇట్లు,
మీ మీద నింద వేసినవాడు