బడి అప్పు: చూడాల్సింది మొత్తం కాదు, జాబితా

బడి భవనాలకు అప్పు తేవాలన్న ప్రతిపాదనను ఓటుకు పెట్టాలని 2024 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్ స్కూల్ బోర్డు తీర్మానం చేసింది. నవంబరులో ఓటర్లు ‘మెజర్ యూఎస్’ అనే ఆ ప్రతిపాదనను నెగ్గించారు. 900 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే ఆస్తి పన్నుతో ఏళ్ల తరబడి తీర్చే అప్పు. 1997లో 240 కోట్లతో మొదలైన వరుసలో ఇది ఏడోది.

నెగ్గడానికి 55 శాతం ఓట్లు చాలు. 2000లో రాష్ట్ర ఓటర్లు ‘ప్రపొజిషన్ 39’ అనే ప్రతిపాదనను ఆమోదించకముందు మూడింట రెండొంతులు కావాల్సొచ్చేది. మెట్టు దించినందుకు కొన్ని షరతులు పెట్టారు. ఈ సొమ్ముతో టీచర్ల జీతాలు ఇవ్వకూడదు, పనుల జాబితా ముందే చూపాలి, ఏటా ఆడిట్ జరగాలి, పౌరుల పర్యవేక్షణ సంఘం ఉండాలి.

ఈ అప్పు తీర్చడానికి ఇళ్ల యజమానులపై పడే పన్ను భారం లక్ష డాలర్ల మదింపుకు (పన్ను కోసం ఆస్తికి కట్టే విలువకు) ఏడాదికి సుమారు 25 డాలర్లని స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ బోర్డు కింది బడుల వ్యవస్థ) అంచనా. మెలికంతా ఆ ‘మదింపు’లోనే ఉంది. 1978లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన ప్రపొజిషన్ 13 ప్రకారం ఇల్లు చేతులు మారేదాకా మదింపు ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. పక్కపక్కనే ఒకే ప్లానుతో కట్టిన రెండిళ్లు ఉన్నాయనుకోండి. ఎప్పుడో కొన్నవారి మదింపు 2 లక్షలైతే 50 డాలర్లు కడతారు. మొన్న 9 లక్షలకు కొన్నవారు 225 కడతారు. చిన్నపిల్లలున్నది చాలాసార్లు ఆ రెండో ఇంట్లోనే.

ఇక వడ్డీ. 4 శాతానికి 30 ఏళ్లు సమాన వాయిదాల్లో తీరిస్తే 100 డాలర్ల అప్పుకు మొత్తం 173 దాకా కట్టాలి. ఇది భరించదగ్గదే. వాయిదాలు మొదలుపెట్టకుండా వడ్డీని అసలులో కలుపుతూ పోతేనే కొంప మునుగుతుంది. శాన్ డియేగో దగ్గరి పోవే డిస్ట్రిక్ట్ 2011లో తెచ్చింది 10.5 కోట్లు, తీర్చాల్సింది దాదాపు 98 కోట్లు. మొదటి ఇరవై ఏళ్లు పైసా కట్టనక్కర్లేదన్న సదుపాయానికి పడిన ధర అది. ఆ తర్వాత 2013లో రాష్ట్రం చట్టం చేసి, ఇలాంటి అప్పుకు గడువు 25 ఏళ్లకు మించరాదనీ, మొత్తం చెల్లింపు అసలుకు నాలుగింతలు దాటరాదనీ కట్టడి చేసింది.

వడ్డీ కన్నా నన్ను కలవరపెట్టేది వస్తువు ఆయుష్షు. గోడలు యాభై ఏళ్లు నిలుస్తాయి, ఏసీ యంత్రాలు పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేస్తాయి. ట్యాబ్లెట్ నాలుగేళ్లు నడిస్తే గొప్ప. 2013లో లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ బాండ్ల సొమ్ముతో విద్యార్థులకు ఐప్యాడ్లు కొనే పథకం మొదలుపెట్టింది. నెట్‌వర్క్‌తో కలిపి అంచనా 130 కోట్లు. మరుసటి ఏడాదే ఆ కాంట్రాక్టు ఆగిపోయింది.

కట్టడాలకు ఖర్చెక్కువ అవడానికి న్యాయమైన కారణమూ ఉంది. 1933 లాంగ్ బీచ్ భూకంపంలో బడులు కూలాక వచ్చిన ఫీల్డ్ చట్టం ప్రకారం ప్రభుత్వ బడి నక్షాలను రాష్ట్రమే తనిఖీ చేస్తుంది. మామూలు భవనం కన్నా గట్టిగా కట్టాలి. దీనిమీద బేరమాడకూడదు.

బేరమాడాల్సింది గదుల లెక్క మీద. లాస్ ఏంజెలెస్‌లో 2000ల మొదట్లో ఏడు లక్షలు దాటిన విద్యార్థులు ఇప్పుడు దాదాపు నాలుగు లక్షలే. అప్పట్లో పిల్లలు పట్టక, ఏడాది పొడవునా వంతులవారీగా బడులు నడిపారు కాబట్టి 131 కొత్త బడులు కట్టడం సబబే. ఇప్పుడు జాబితాలో ‘ఆధునికీకరణ’ అన్న ఒక్క మాట కింద నిండిన బడీ, సగం ఖాళీ బడీ ఒకేలా కనిపిస్తాయి. పర్యవేక్షణ సంఘం ఖర్చును పరిశీలించి నివేదిక ఇవ్వగలదు గానీ, ఏ పనినీ ఆపే అధికారం దానికి లేదు. బాండ్లన్నీ ఒక్కసారే అమ్మరు, విడతలవారీగా అమ్ముతారు. ఏ బడిలో ఎన్ని గదులు నిండుతున్నాయో, కొనే వస్తువు ఎన్నేళ్లు మన్నుతుందో ప్రతి విడతకూ ముందు బోర్డు అంకెలతో ప్రకటించాలి.