రద్దు కాని పెళ్లి

శ్రావణమాసం ముహూర్తాల ముందు మా ఫంక్షన్ హాళ్ల బుకింగ్ సైట్ నత్తనడక పట్టింది. దాంతో మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని వేరే సర్వర్‌కి మార్చారు. అదీ శుక్రవారం సాయంత్రం. ఇలాంటి పనులకు శుక్రవారం సాయంత్రమే ఎందుకు ముహూర్తం కుదురుతుందో ఆ దేవుడికే తెలియాలి.

మార్చగానే 2003 ఎర్రర్: సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నా అని. బైండ్ అడ్రస్ 127.0.0.1 అని ఉంది. అంటే డేటాబేస్ తన సొంత మిషన్ మాట తప్ప బయటివాళ్ల మాట వినదు. డేటాబేస్ బాగోగులు చూసే డీబీఏ గారు అది మార్చారు. వెంటనే 1130: ఈ హోస్ట్‌కి (అంటే తలుపు తట్టిన మిషన్‌కి) ప్రవేశం లేదు. మై ఎస్‌క్యూఎల్‌కి పేరొక్కటే చెబితే చాలదు, ఎక్కడి నుంచి వస్తున్నావో కూడా చెప్పాలి. లోకల్‌హోస్ట్ (సొంత మిషన్) నుంచి వచ్చే 'వెబ్‌యాప్' వేరు, 10.0.0.5 నుంచి వచ్చే 'వెబ్‌యాప్' వేరు. పాస్‌వర్డ్ ఒకటే అయినా ఆ రెంటికీ చుట్టరికం కలవదు.

"సార్, ఎక్కడి నుంచైనా రావచ్చని హోస్ట్ దగ్గర పర్సెంట్ గుర్తు పెట్టి, అన్ని అనుమతులూ ఇచ్చే గ్రాంట్ ఆల్ కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మా జూనియర్ కుర్రాడు.

డీబీఏ గారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఇంటికొచ్చిన ప్రతివాడికీ బీరువా తాళాలు ఇస్తామా నాన్నా? ఆల్‌లో డ్రాప్ కూడా ఉంటుంది. ఒక్క లైనుకి టేబులే గల్లంతు. ఏం కావాలో మెయిల్ పెట్టు, అడిగింది ఇస్తా."

కుర్రాడు 'రీడ్' అని పెట్టాడు. ఆయన సెలెక్ట్ (చదివే అనుమతి) ఇచ్చారు. హాళ్లు, రేట్లు, పార్కింగ్ ఫొటోలు అన్నీ కనిపిస్తున్నాయి. బుక్ చేయబోతే మాత్రం 1142: ఇన్సర్ట్ (కొత్తది చేర్చడం) కుదరదు. మళ్లీ మెయిల్. ఇన్సర్ట్ వచ్చింది. ఎందుకైనా మంచిదని కుర్రాడు, అనుమతులను మళ్లీ చదివించే ఫ్లష్ ప్రివిలేజెస్ కూడా కొట్టించాడు (గ్రాంట్ ఇచ్చాక అది అక్కర్లేదు, కానీ నమ్మకం నమ్మకమే). బుకింగులు పడ్డాయి. బిర్యానీ వచ్చింది. అప్‌డేట్, డిలీట్ అనే మాటలు ఆ మెయిల్స్‌లో ఎక్కడా రాలేదు.

ఆదివారం పొద్దున్నే కస్టమర్ కేర్‌కి ఒక పెళ్లికూతురి తండ్రి ఫోన్.

"మగపెళ్లివాళ్లు ముహూర్తం వారం వెనక్కి జరిపారమ్మా. మీ సైట్ తేదీ మార్చనివ్వట్లేదు."

"పాతది క్యాన్సిల్ చేసి, కొత్తగా బుక్ చేసుకోండి అంకుల్."

"క్యాన్సిల్ అవ్వట్లేదు. కొత్తది మాత్రం టక్కున అయింది. ఇప్పుడు మా అమ్మాయికి వారం తేడాతో రెండు పెళ్లిళ్లు చూపిస్తోంది! వియ్యంకుడికి ఏ స్క్రీన్‌షాట్ పంపమంటావు తల్లీ?"

సోమవారం డీబీఏ గారు ఆ మెయిల్స్ తెరిచి, "మీరడిగినవన్నీ ఇచ్చాను కదా" అన్నారు. కాదనడానికి లేదు. అప్‌డేట్ ఇచ్చారు. డిలీట్ టైప్ చేస్తుండగా మేనేజర్ గారు పరుగున వచ్చి కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండాగండి! ఈ రెండ్రోజుల్లో ఒక్క రిఫండ్ కూడా పోలేదు. ఆ డిలీట్ సంగతి వచ్చే ఆషాఢంలో చూద్దాం."