చెరువు తవ్వాం, నీరుగంటిని పెట్టలేదు

2021లో సంక్రాంతి సెలవుల ముందు వరకు ఆ పాఠం చక్కగా పనిచేసింది. నేను భౌతికశాస్త్రం చెప్పే డిగ్రీ కళాశాల అంతకు కొన్నేళ్ల ముందు డబ్బు పెట్టి చేయించుకున్న కంప్యూటర్ పాఠం అది. న్యూటన్ వలయాల ప్రయోగం. తెర మీద మైక్రోస్కోపు స్క్రూ తిప్పితే పసుపు, నలుపు వలయాల మీదుగా క్రాస్‌వైరు మెల్లగా జరిగేది. పిల్లలు ఎడమవైపు పదో వలయం దగ్గర ఒక రీడింగు, కుడివైపు పదో వలయం దగ్గర ఒక రీడింగు తీసుకుని, తేడా కట్టి వలయం వ్యాసం (అడ్డుకొలత) రాసుకునేవారు. కరోనాతో ల్యాబుకు తాళం పడిన రోజుల్లో మాకు అదే ల్యాబు.

సెలవులయ్యాక ఆన్‌లైన్ తరగతిలో ఆ పేజీ తెరిచాను. వలయాలు ఉండాల్సిన చోట బూడిదరంగు పెట్టె ఒకటి కనిపించింది. "సార్, మాకు ఏమీ కనబడడం లేదు" అంది ఒక అమ్మాయి. నాకూ కనబడడం లేదమ్మా అన్నాను. కళాశాల మళ్లీ తెరిచేసరికి సిలబస్ వెనకబడింది, ఆ ప్రయోగం చేయించే వ్యవధి దొరకలేదు. రికార్డు పుస్తకాల్లో చాలామంది సీనియర్ల రీడింగులే దించారు. సంతకం పెడుతుంటే నా చెయ్యి ఆడలేదు, కానీ వాళ్లను తప్పు పట్టలేకపోయాను.

జరిగింది చిన్న విషయమే. ఆ పాఠాన్ని ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేశారు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను ఆపేస్తామని అడోబీ సంస్థ 2017 జులైలోనే చెప్పింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ పాఠాలు తెరుచుకోకుండా నిలిపివేసింది. అంటే మూడేళ్లకు పైగా గడువు ఉంది. ఆ ప్రకటన చదివి, మా సర్వర్‌లో ఎన్ని పాఠాలు ఆగిపోతాయో లెక్కగట్టి, ముందే మార్పించాల్సిన మనిషి మా కళాశాలలో లేడు. ఎవరో నిర్లక్ష్యం చేశారని చెప్పడానికి కూడా లేదు, అసలు అది ఎవరి పనీ కాదు. తీరా వెతికితే నడిచే ఫైలు మాత్రమే ఉంది, దాన్ని తయారుచేసిన మూల ఫైలు లేదు. ఉడికిన అన్నంలోంచి బియ్యం తీయలేం కదా.

మన ఊళ్లలో చెరువు తవ్వించినవారి పేరు శాసనాల్లో ఉంటుంది. కానీ చెరువును చెరువుగా నిలబెట్టింది నీరుగంటి. తెలంగాణలో నీరడి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో, కట్ట ఎక్కడ కారుతోందో చూసుకునేది ఆయనే. అందుకు ఊరు ఆయనకు మాన్యం ఇచ్చింది, పంటలో వంతు ఇచ్చింది. ఉన్నత విద్యలో ఆన్‌లైన్ బోధన కోసం మనం చెరువులు చాలానే తవ్వాం. మాన్యం మాత్రం ఎవరికీ రాయలేదు.

ఈ పని ఎలా చేయాలో చూపించినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. 2009లో మొదలైన కేంద్ర ప్రభుత్వ జాతీయ మిషన్ కింద వర్చువల్ ల్యాబ్స్, అంటే తెర మీదే ప్రయోగాలు చేసుకునే ల్యాబులు వచ్చాయి. ఐఐటీ ఢిల్లీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సహా పలు సంస్థలు కలిసి 100కు పైగా ల్యాబులు, సుమారు 700 ప్రయోగాలు సిద్ధం చేశాయి. ఆ రోజుల్లో అందరూ చేసినట్టే వాటిలోనూ చాలావరకు ఫ్లాష్‌లో, జావా యాప్లెట్లుగా (బ్రౌజరులో నడిచే చిన్న ప్రోగ్రాములుగా) తయారయ్యాయి. క్రోమ్ బ్రౌజరు 2015లో యాప్లెట్లకు తలుపు మూసింది, ఆ తర్వాత ఫ్లాష్ వంతు వచ్చింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ బృందం ప్రయోగాలను జావాస్క్రిప్టులోకి తిరగరాసే పని నెత్తికెత్తుకుంది. కోడ్‌ను ఎవరైనా చూసి సరిదిద్దేలా గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో పెట్టింది. ఉన్నదాన్ని ఉన్నట్టు పనిచేయించే ఇలాంటి పనికి ప్రారంభోత్సవాలు ఉండవు, పత్రికల్లో ఫొటోలు రావు. కొత్త ల్యాబు కట్టడం కన్నా ఇది పెద్ద పని అని నేను నమ్ముతున్నాను.

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ మరో దారి చూపింది. 2005లో అది తన పాఠాలన్నింటికీ వేదికగా మూడుల్‌ను ఎంచుకుంది. మూడుల్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, మన కళాశాలల్లోనూ చాలాచోట్ల ఉన్నది అదే. ఉచితం కదా అని అక్కడివాళ్లు దించుకుని ఊరుకోలేదు. సొంత ఉద్యోగులుగా ప్రోగ్రామర్లను పెట్టుకున్నారు. ఆన్‌లైన్ పరీక్షల్లో ప్రశ్నలను నడిపించే భాగాన్ని ఆ ఉద్యోగులే తిరగరాస్తే, 2011లో అది మూడుల్‌లో భాగమై ప్రపంచమంతటికీ అందింది. ఇవాళ నా విద్యార్థి క్విజ్‌లో టిక్కు పెట్టే ప్రతిసారీ ఆ జీతగాళ్ల పనే నడుస్తోంది.

మన దగ్గర ఆ మూడుల్‌ను చూసేది ఎవరు? చాలాచోట్ల కంప్యూటర్ ల్యాబులో ఉండే ఒకే ఒక్క కుర్రవాడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఏడాది కాంట్రాక్టు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా అతన్నే పిలుస్తారు, సెమినారు హాల్లో మైకు పలకకపోయినా అతన్నే. మూడుల్‌కు ఏడాదికి రెండు కొత్త వెర్షన్లు వస్తాయి, పాతవాటికి కొంత కాలం తర్వాత భద్రతా సవరణలు ఆగిపోతాయి. బ్యాకప్ తీసి, వేరేచోట పెట్టి చూసి, ఆ తర్వాత అసలు సర్వర్‌ను మార్చాలంటే తీరిక కావాలి, పరీక్షలు లేని వారం కావాలి, తప్పు జరిగితే వెనక ఎవరో ఒకరు నిలబడాలి. ఆ మూడింటిలో ఒక్కటీ అతనికి లేదు. అందుకే ముట్టుకోడు. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోతే సర్వర్ పాస్‌వర్డు కూడా అతనితోనే పోతుంది.

ఇదివరకు ఆన్‌లైన్ పాఠం అదనపు సదుపాయం. చెడిపోతే నల్లబల్ల ఉండేది. ఇప్పుడు అలా కాదు. 2017 జులై 9న కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మొదలైంది. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు అందులో చదివి క్రెడిట్లు తెచ్చుకునే వీలును విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021లో ఇచ్చింది. అంతకుముందు అది 20 శాతం. స్వయంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. ఆ 25లో కనీసం 10 రాకపోతే సర్టిఫికెట్ లేదు. గడువు రాత్రి కళాశాల హాస్టల్ వైఫై పోతే, పాస్‌వర్డు మరిచిపోతే, ఎక్కించిన జవాబు చేరిందో లేదో తెలియకపోతే ఆ పిల్ల ఎవరికి ఫోను చేయాలి? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి, ఒక నంబరు ప్రతి కళాశాల గోడ మీద ఉండాలి.

నిజానికి ఈ సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. జి.రాంరెడ్డి తొలి ఉపకులపతి. ఇంటర్నెట్ లేని ఆ కాలంలో పుస్తకం పోస్టులో పంపి చేతులు దులుపుకోలేదు. ఊరూరా కళాశాలల్లో స్టడీ సెంటర్లు తెరిచి, పని చేసుకుంటూ చదివేవాళ్ల సందేహాలు తీర్చడానికి అధ్యాపకులను కూర్చోబెట్టారు. దూరవిద్యలో దూరాన్ని తగ్గించింది ఆ మనుషులే. సాంకేతికత పెరిగేకొద్దీ వాళ్లు పెరగాల్సింది, మనం తగ్గించాం.

తెలుగు మాధ్యమం పిల్లలకు దెబ్బ మరికాస్త గట్టిగా తగులుతుంది. మన అధ్యాపకుల నోట్సు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో డీటీపీ అయింది. దాన్ని నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, కానీ వత్తులు తప్పుతాయి, సూత్రాలు చెదిరిపోతాయి. ప్రతి పేజీ విషయం తెలిసినవాళ్లు చదివి దిద్దాలి. ఇది ఏ ఉద్యోగి పనివేళల్లోనూ లేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పాఠాలు తయారుచేయడానికి నిధులు ఇచ్చే ప్రతి ఉత్తర్వులోనూ తర్వాతి ఐదేళ్ల నిర్వహణకు విడిగా డబ్బు చూపాలి. మూల ఫైళ్లు విశ్వవిద్యాలయానికి అప్పగించాకే చివరి బిల్లు చెల్లించాలి. అనుబంధ కళాశాలలు తలా ఒక సర్వర్ పెట్టుకుని అవస్థ పడేకంటే, విశ్వవిద్యాలయమే అందరికీ కలిపి ఒకటి నడపాలి. అందుకు ఐదారుగురిని రెగ్యులర్ పోస్టుల్లో తీసుకోవాలి. వారిలో ఒకరిద్దరు అధ్యాపకుల పక్కన కూర్చుని పాఠం కట్టడంలో సాయం చేసేవారై ఉండాలి. ఒక రోజు శిక్షణ ఇచ్చి పంపితే ఎవరికీ పాఠం కట్టడం రాదు, నాకూ రాలేదు.

పదవీ విరమణ చేసిన మా రసాయనశాస్త్రం మాస్టారు తన పాఠాలన్నీ తెలుగులో టైపు చేయించి సీడీల్లో ఇచ్చి వెళ్లారు. స్టాఫ్ రూము బీరువాలో అడుగు అరలో ఉన్నాయి, ఒక్కో దాని మీద ఆయన చేతిరాతతో యూనిట్ పేరు ఉంది. సీడీ డ్రైవు ఉన్న కంప్యూటర్ మా కళాశాలలో ఇంకా ఒక్కటే పనిచేస్తోంది.