గట్టిగా ఉన్నది పారదని ఎవరు చెప్పారు?

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. నిన్న సాయంత్రం సైన్సు పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టి, మాట్లాడకుండా నిలబడింది. భూమి లోపలి పొరల మీద ప్రశ్న, పైపెంకు కింద ఉండే మాంటిల్ అనే పొర గురించి. ‘మాంటిల్ ఘనరూపంలోనే ఉంటుంది, అయినా చాలా నెమ్మదిగా ప్రవహిస్తుంది’ అని రాసింది. ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన ‘ద్రవం’ అని సవరణ, రెండు మార్కులు కోత. గీత ఎంత గట్టిగా గీశారంటే కాగితం వెనక్కి తిప్పినా చేతికి తగులుతోంది. ఎందుకని అడిగితే ‘గట్టిగా ఉన్నది ఎలా పారుతుంది? సొంత తెలివి వద్దు’ అన్నారట.

‘పిన్నీ, నువ్వు చెప్పిందే రాశాను కదా’ అంది. అప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది.

జవాబు మన భాషలోనే ఉంది కదా! హిమానీనదం అంటాం. మంచు నది. గంగోత్రి హిమానీనదం మీద నిలబడితే కాళ్ల కింద రాయిలాంటి మంచు. అదే మంచు తన బరువుకు తానే వాలు వెంట కిందికి పారుతూ ఉంటుంది. ఆ మాటను నోరారా పలుకుతూ, గట్టిది పారదని ఒక పిల్ల నోరు ఎలా మూయిస్తారు?

మాంటిల్ 2,900 కిలోమీటర్ల మందాన ఉన్న రాయి. భూకంపం వచ్చినప్పుడు పుట్టే ఎస్ తరంగాలు ద్రవంలో నుంచి వెళ్లలేవు, మాంటిల్‌లో నుంచి మాత్రం వెళ్తాయి. అంటే అది ఘనమే. ఆ రాయే కింద వేడెక్కి పైకి లేస్తుంది, పైన చల్లబడి కిందికి దిగుతుంది, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, మన గోళ్లు పెరిగే వేగంతో. ఉష్ణ సంవహనం అంటే ఇదే. అలా లేచిన వేడి రాయి పైకి వచ్చాక, ఒత్తిడి తగ్గినచోట మాత్రమే కొంత కరుగుతుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను ముంచెత్తిన లావా అలా పుట్టిందేనని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. వికారాబాద్ వైపు నల్లరేగడి నేల ఆ రాతి నుంచి వచ్చిందే. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా ఆ కాలపు లావాయే.

నేను ఎనిమిదేళ్లుగా చేస్తున్నది ఈ లెక్కలే, కాకపోతే గురుగ్రహపు చందమామ యూరోపా మీద. పైన మైనస్ 170 డిగ్రీల మంచు, దాని కింద సముద్రం. సన్న సెగ మీద పాలు పెడితే మీగడ కదలదు, కింద పాలు తిరుగుతూనే ఉంటాయి. యూరోపా మంచు పొర కూడా అలాగే ఉండవచ్చు: పైభాగం బిగుసుకుపోయి, అడుగుభాగం తిరుగుతూ. అసలు తిరుగుతుందా లేదా అన్నది రేలీ సంఖ్య తేలుస్తుంది. వేడికి పైకి లేచే బలం, కదలికను ఆపే వాటికన్నా ఎంత ఎక్కువో చెప్పే సంఖ్య అది; తగినంత పెద్దదైతేనే పొర తిరుగుతుంది. పొర మందం రెట్టింపైతే ఆ సంఖ్య ఎనిమిది రెట్లవుతుంది. అడుగున మంచు రేణువు సైజు రెట్టింపైతే స్నిగ్ధత, అంటే పారకుండా ఆపే జిగట, నాలుగు రెట్లవుతుంది. ఒక మిల్లీమీటరా, రెండా అన్న తేడాతో ఆ అడుగుభాగం తిరగడమో ఆగిపోవడమో జరగవచ్చు. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో!

ప్లూటో ఫొటోలు చూడండి. 2015 జూలైలో న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక తీసినవి. స్పుత్నిక్ మైదానంలో నైట్రోజన్ మంచు పదుల కిలోమీటర్ల పలకలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో పలక మధ్యలో మంచు పైకి లేస్తూ, అంచుల్లో కిందికి దిగుతోంది. అంత చలిలో, అంత దూరంలో! మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొన్నేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూలో ఓ పెద్దాయన నా పని చూసి ‘ఇవి కంప్యూటర్‌లో గీసిన రంగుల బొమ్మలు, అక్కడికి వెళ్లి తవ్వి చూశారా?’ అన్నారు. ఆ మాట చేసిన గాయం ఈరోజుకీ మానలేదు. భూమినే ఎవరు తవ్వారు? రష్యాలోని కోలాలో ఏళ్ల తరబడి తవ్వినా 12 కిలోమీటర్లు దాటగానే ఆగిపోయింది. మిగతాదంతా తరంగాలతో, లెక్కలతో తెలుసుకున్నదే.

1862లో పేరున్న భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ ఏమి చేశాడు? భూమి లోపల రాయి కదలదనుకుని, చల్లబడడానికి పట్టే కాలం లెక్కగట్టి, భూమి వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లన్నాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లో, లోపలి పదార్థం కొంచెమైనా ప్రవహిస్తే ఆ వయసు 200, 300 కోట్లకు పెరుగుతుందని లెక్క వేసి చూపించాడు. పెద్దలు పక్కన పెట్టేశారు. అసలు వయసు 450 కోట్లకు పైనే. పెర్రీ మాట వినడానికి కెల్విన్‌కు ఏమి అడ్డొచ్చింది? అదే ఎర్ర గీత, అదే ‘సొంత తెలివి వద్దు’.

రాత్రి పాప నిద్రపోయాక తన నోటు పుస్తకం తీసి చూశాను. అక్కడ కూడా ఆ వాక్యం కొట్టేసి, గుండ్రని అక్షరాలతో ‘ద్రవం’ అని రాసుకుంది. మళ్లీ మార్కులు పోకూడదని.