పంచుకోవడం ఒక దశ, బేరమాడటం మరో దశ: ధరల పోటును స్థానిక సమాజాలు ఎదుర్కొనే తీరు

ధరలు పెరిగాయని ప్రభుత్వ గణాంకాలు ప్రకటించే లోపే ఇళ్లలో సర్దుబాటు మొదలైపోతుంది. నెలకు సరిపడా తెచ్చుకునే సరుకులు వారానికి, ఆ తర్వాత రోజుకు తెచ్చుకోవడం, మందుల చీటీలో రాసిన వాటిలో కొన్నింటిని వచ్చే నెలకు వాయిదా వేయడం, పిల్లల చదువు ఖర్చు కోసం దాచినది కదిలించడం, చివరికి చేబదులు అడగడం. ఇవన్నీ జరిగాకే సమస్య గడప దాటి వీధిలోకి వస్తుంది. అక్కడ ఇరుగుపొరుగు, కుల సంఘమో కార్మిక సంఘమో, ప్రార్థనా స్థలమో, మహిళల పొదుపు బృందమో ఏదో ఒక రూపంలో ఆసరా ఇస్తాయి. ఈ ఆసరాను మెచ్చుకోవడం తేలిక, మెచ్చుకోవడం న్యాయం కూడా. అయితే ఆ మెచ్చుకోలు దగ్గరే ఆగిపోతే ఒక ముఖ్యమైన ప్రశ్న మరుగున పడుతుంది. కష్టాన్ని పంచుకునే ఏర్పాటుకూ, ధరను ప్రశ్నించే ఏర్పాటుకూ తేడా ఉంది. నిలదొక్కుకున్న సమాజాల చరిత్ర చూస్తే, అవి మొదటి దానితో మొదలై రెండో దానికి చేరినవే ఎక్కువగా కనిపిస్తాయి.

ఎందుకంటే ధరల పెరుగుదల మామూలు ఆపద లాంటిది కాదు. ఒక ఇంట్లో జబ్బు చేస్తే, ఒకరి ఉద్యోగం పోతే, చుట్టుపక్కల పది ఇళ్లు నిలకడగా ఉంటాయి కాబట్టి తలా కొంత వేసి ఆదుకోగలవు. పరస్పర సహాయం మొత్తం నడిచేది ఈ సూత్రం మీదే: ఈ నెల నీకు అవసరం, వచ్చే ఏడు నాకు అవసరం. ధరలు మాత్రం పదకొండు ఇళ్ల మీదా ఒకే నెలలో పడతాయి. అడిగేవాళ్లు పెరిగే సమయంలోనే ఇవ్వగలిగేవాళ్లు తగ్గిపోతారు. పైగా ఆ దెబ్బ అందరికీ ఒకే బరువుతో తగలదు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. అందుకే ఆహారం, ఇంధనం, అద్దె ముందుగా పెరిగినప్పుడు సగటు ద్రవ్యోల్బణ సూచీ చెప్పే అంకె కంటే పేద ఇంటి అనుభవం ఎప్పుడూ కఠినంగానే ఉంటుంది. పేదలు పేదల మధ్యే నివసిస్తారు కనుక, ఎవరి ఇరుగుపొరుగు మీద ఎక్కువ భారం పడిందో వారికే పంచుకోవడానికి తక్కువ మిగులుతుంది.

దీన్ని చీటీల లెక్కలో స్పష్టంగా చూడవచ్చు. పది మంది సభ్యులు నెలనెలా సమానంగా డబ్బు వేసుకుని, వంతుల ప్రకారం ఒక్కొక్కరు మొత్తం తీసుకునే పద్ధతి ప్రపంచమంతా ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో టోంటిన్ అంటారు, మెక్సికోలో టాండా, ఇండోనేషియాలో అరిసాన్, కెన్యాలో చామా. ధరలు నెలకు 2 శాతం చొప్పున పెరుగుతున్నాయనుకుందాం. మొదటి నెల ఎత్తుకున్న సభ్యురాలు ఆ మొత్తంతో వంద వస్తువులు కొనగలిగితే, పదో నెల వంతు వచ్చిన సభ్యురాలికి అదే మొత్తంతో 84 కూడా రావు. ఇద్దరూ కట్టినది ఒకటే, చేతికందిన నోట్లూ అన్నే. పాట పెట్టే చీటీల్లో తగ్గింపు రూపంలో కొంత సర్దుబాటు ఉంటుంది గానీ, వంతుల చీటీలో చివరి వంతు గల మనిషి ఎవరి తప్పూ లేకుండానే నష్టపోతుంది. అలా నష్టపోయిన వాళ్లు తర్వాతి చీటీలో మొదటి వంతు కోసం పట్టుబడతారు, లేదా మానేస్తారు. ఏళ్ల తరబడి నమ్మకం మీద నడిచిన బృందాలు ధరల కాలంలో చీలిపోవడానికి తరచూ కారణం మోసం కాదు, ఈ గుణకారమే. దక్షిణాఫ్రికాలోని స్టోక్వెల్ బృందాల్లో కొన్ని దీనికి తమదైన పరిష్కారం వెతుక్కున్నాయి. డబ్బు పంచుకోవడానికి బదులు ఏడాది పొడవునా కూడబెట్టిన దానితో సరుకులను టోకున కొని సభ్యులకు పంచుతాయి. ఒక్కొక్కరుగా అడిగితే దొరకని ధర అందరూ కలిసి అడిగితే దొరుకుతుంది. పొదుపు బృందం ఇక్కడ కొనుగోలుదారుగా మారింది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో విషయమంతా ఇక్కడే ఉంది.

ఉమ్మడి వంటశాలల సంగతి మరింత వివరంగా చూడాలి. పెరూ రాజధాని లీమా చుట్టూ వెలసిన పేటల్లో 1970ల చివరి నుంచి మహిళలు కొమెదోర్ పాపులర్ పేరుతో సామూహిక వంటశాలలు నడిపారు. 1984లో అప్పటి మేయర్ అల్ఫోన్సో బర్రాంతెస్ పిల్లలకు పాలు అందించే పథకం పెట్టినప్పుడు, దాన్ని వీధుల్లో నడిపించింది కూడా మహిళా కమిటీలే. 1990 ఆగస్టులో అధ్యక్షుడు ఫుజిమోరి ప్రభుత్వం ధరల నియంత్రణలను ఒక్కసారిగా ఎత్తివేసింది. ఆ ఏడాది దేశంలో ద్రవ్యోల్బణం 7,000 శాతం దాటింది. ఆ వారాల్లో నగరంలో లక్షల మంది ఆకలి మరీ ముదరకుండా ఆపినవాటిలో ఈ వంటశాలలు ముందుంటాయి.

వాటి పనితీరులో దానధర్మం పాలు తక్కువ. సభ్యులు వంతుల వారీగా వండుతారు. ఒకరు తెల్లవారకముందే లేచి బజారుకు వెళ్లి బేరమాడి కూరగాయలు తేవాలి, ఇద్దరు ముగ్గురు తరగాలి, ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి, మరొకరు ఎవరింటికి ఎన్ని భోజనాలో రాసిన పుస్తకం పట్టుకుని లెక్క సరిచూడాలి. భోజనానికి ఖర్చు మేరకు డబ్బు తీసుకుంటారు, బొత్తిగా ఇవ్వలేని వృద్ధులకూ రోగులకూ కొన్ని భోజనాలు ఉచితంగా పక్కన పెడతారు. పెద్ద గిన్నెలో వండితే ఇంధనం, సరుకు, సమయం మూడూ కలిసొస్తాయన్నది నిజమే. కానీ ఆ సమయం ఎవరిది? కూలి పనికో చిన్న వ్యాపారానికో పోవలసిన స్త్రీలదే. వంతు వచ్చిన రోజు ఆమె సంపాదన పోతుంది, ఇంటి పని మాత్రం పోదు. ధరల పెరుగుదలను ఒక సమాజం తట్టుకుంది అని రాసే ప్రతి వాక్యం వెనుకా ఇలా జీతం లేని శ్రమ ఏదో ఒకటి ఉంటుంది. అది ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు కాబట్టే, అలాంటి సహాయం చవకగా దొరుకుతుందన్న భ్రమ పాలకులకు కలుగుతుంది.

లీమా మహిళలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్లు వంట దగ్గర ఆగలేదు. వంటశాలలన్నీ సమాఖ్యలుగా ఏర్పడి వీధుల్లోకి వచ్చి, తమ పనికి ప్రభుత్వం వాటా ఇవ్వాలని డిమాండ్ చేశాయి. 1991లో ఆ సంస్థలను గుర్తించి, వాటి ఆహార కార్యక్రమాలకు మద్దతిచ్చే చట్టం వచ్చింది. చట్టం రాగానే నిధులు ప్రవహించలేదన్నది వేరే సంగతి. సంఘటిత శక్తికి ఉన్న విలువ ఎంతటిదో ప్రత్యర్థులు కూడా గుర్తించారు. లీమా శివారు పేట విల్యా ఎల్ సల్వదోర్‌లో మహిళా సమాఖ్యకు నాయకత్వం వహించిన మరియా ఎలెనా మొయానోను 1992 ఫిబ్రవరిలో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు తిరుగుబాటు సంస్థ సాయుధులు హత్య చేశారు.

దీనికి భిన్నమైన అనుభవం బ్రిటన్‌ది. అక్కడ వార్షిక ద్రవ్యోల్బణం 2022 అక్టోబరులో 11.1 శాతానికి చేరింది. గ్రంథాలయాలు, చర్చిలు, సామాజిక భవనాలు ఇంట్లో హీటర్ వేసుకోలేని వారి కోసం వెచ్చని గదులు తెరిచాయి. ట్రస్సెల్ ట్రస్ట్ పరిధిలోని ఆహార బ్యాంకులు 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో దాదాపు 30 లక్షల ఆహార పొట్లాలు పంచాయి. దాతలకూ అదే ధరల దెబ్బ తగలడంతో విరాళాలు అవసరానికి సరితూగక, కేంద్రాలు సొంత డబ్బుతో సరుకులు కొనాల్సి వచ్చింది. సేవాభావానికి లోటు లేదు, వాలంటీర్లకూ లోటు లేదు. అయితే పొట్లం తీసుకునే మనిషికి ఆ ఏర్పాటులో ఓటు లేదు, మాట లేదు, లెక్కల పుస్తకం చూసే అధికారం లేదు. వంటశాల సభ్యురాలికీ పొట్లం కోసం వరుసలో నిలబడిన మనిషికీ ఆకలి ఒకటే కావచ్చు గానీ, రేపు ఏం చేయాలో నిర్ణయించే చోట ఇద్దరి స్థానం ఒకటి కాదు. అత్యవసర సాయంగా మొదలైనది శాశ్వత వ్యవస్థగా మారిపోతే వేతనాలు, సంక్షేమ భత్యాలు ధరలకు తగ్గట్టు పెంచాల్సిన ఒత్తిడి తగ్గిపోతుందన్న విమర్శను ఆ కేంద్రాలు నడిపేవారే చేస్తున్నారు. నిజాయితీ గల విమర్శ అది.

డబ్బుతో పని లేకుండా బతకొచ్చన్న ఆలోచన కూడా ఇలాంటి కాలాల్లోనే పుడుతుంది. అర్జెంటీనాలో 1995లో బెర్నాల్ అనే ఊళ్లో మొదలైన వస్తుమార్పిడి క్లబ్బు 2001-02 ఆర్థిక సంక్షోభం నాటికి దేశమంతా పాకి లక్షల మందిని చేర్చుకుంది. సభ్యులు తమ కుట్టుపనినో, వంటకాన్నో, మరమ్మతు పనినో ఇచ్చి క్రెడిటో అనే చీటీలు పుచ్చుకునేవారు. పరస్పరం ఎరిగిన కొద్దిమంది మధ్య ఇది చక్కగా నడిచింది. విస్తరించాక చీటీలను అవసరానికి మించి ముద్రించారు, నకిలీలు వచ్చిపడ్డాయి, పిండి, నూనె లాంటి అసలైన సరుకు బల్లల మీద నుంచి మాయమై చీటీలు మాత్రం మిగిలాయి. 2002 ముగిసే లోపు చాలా క్లబ్బులు మూతపడ్డాయి. ద్రవ్యోల్బణం నుంచి పారిపోయిన వాళ్లను ద్రవ్యోల్బణమే వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది. ఉత్పత్తి మీద పట్టు లేని చోట మారకం ఎంత కొత్తగా ఉన్నా ఎక్కువ దూరం పోదు.

ఇక కలిసి కొనడం. 1844 డిసెంబరు 21న ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది సభ్యుల బృందం ఒక చిన్న దుకాణం తెరిచింది. వెన్న, చక్కెర, పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు, అంతే సరుకు. వాళ్ల నియమాల్లో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది అరువు ఇవ్వకూడదన్నది. పైకి అది పేదవాడి మీద కాఠిన్యంలా అనిపిస్తుంది. కానీ అరువు పుస్తకమే పేద కుటుంబాన్ని ఒకే దుకాణదారుకు కట్టిపడేసేది. అతను చెప్పిన ధర ఇవ్వాలి, కల్తీ అని తెలిసినా తీసుకోవాలి. రోచ్‌డేల్ సభ్యులు రొక్కానికి సరైన తూకంతో, కల్తీ లేని సరుకు అమ్మి, లాభాన్ని ఎవరు ఎంత కొన్నారన్న లెక్కన తిరిగి పంచారు. ఒక్కొక్కరికి ఒకే ఓటు. జపాన్‌లో 1965లో టోక్యోలోని సెతగాయా ప్రాంతపు గృహిణులు పాల ధర భరించలేక 300 సీసాలు కలిసి కొనడంతో మొదలైన సెయికత్సు క్లబ్ కూడా ఇదే దారిలో నడిచింది. కొద్ది ఇళ్లు ఒక గుంపుగా ముందే ఆర్డరు ఇవ్వడం వల్ల ఉత్పత్తిదారుకు ఎంత అమ్ముడవుతుందో తెలుస్తుంది, మధ్యవర్తి వాటా తగ్గుతుంది. ఈ పద్ధతికీ హద్దులున్నాయి: ముందుగా కాస్త రొక్కం చేతిలో ఉండాలి, సరుకు దాచుకునే చోటు ఉండాలి, లెక్క రాసే మనిషి ఉండాలి. రోజుకూలి మీద బతికే వాడికి వీటిలో మొదటిదే ఉండదు.

ధరను ఎదిరించడంలో స్కాట్లండ్ నగరం గ్లాస్గో మహిళల 1915 అద్దెల సమ్మెను మించిన ఉదాహరణ నాకు తోచదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు పరిశ్రమల కోసం కార్మికులు నగరానికి పోటెత్తడంతో ఇళ్ల యజమానులు అద్దెలు పెంచారు. మగవాళ్లలో చాలామంది యుద్ధరంగంలో ఉన్నారు. గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ నాయకత్వంలో ఆడవాళ్లు పాత అద్దె కడతాం, పెంచినది కట్టం అని తేల్చిచెప్పారు. భవనం మెట్ల దగ్గర ఒక స్త్రీ గంట పట్టుకుని కాపలా కూర్చునేది. ఖాళీ చేయించే అమీనా కనబడగానే గంట మోగేది, వంట చేస్తున్నవాళ్లూ బట్టలు ఉతుకుతున్నవాళ్లూ పని వదిలేసి మెట్ల మీదికి చేరి అతని మీద పిండి పొట్లాలు విసిరేవారు. నవంబరు నాటికి దాదాపు 20,000 కుటుంబాలు సమ్మెలో ఉన్నాయి. అద్దె బకాయి కింద 18 మందిని నవంబరు 17న కోర్టుకు పిలిపిస్తే వేల మంది బయట గుమిగూడారు, ఓడల నిర్మాణ కార్మికులు పని ఆపేస్తామన్నారు. కేసులు వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది ముగిసేలోపే అద్దెలను యుద్ధారంభం నాటి స్థాయికి కట్టడి చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఒక భవనం మెట్ల మీద మొదలైన పట్టుదల దేశమంతటి కిరాయిదారులకు రక్షణ అయింది.

ప్రతి నిరసనా ఇలా పద్ధతిగా సాగదు. 1918 జులైలో జపాన్‌లోని తొయామా తీరంలో మత్స్యకార కుటుంబాల స్త్రీలు బియ్యం ఓడలకెక్కించడాన్ని అడ్డుకోగా, అది దేశవ్యాప్త అల్లర్లుగా మారి సెప్టెంబరులో ప్రధాని తెరౌచి మంత్రివర్గం రాజీనామాతో ముగిసింది. ఇజ్రాయెల్‌లో 2011లో ఫేస్‌బుక్ ద్వారా సాగిన కాటేజ్ చీజ్ బహిష్కరణ కొద్ది వారాల్లోనే ఆ ఒక్క వస్తువు ధర తగ్గించింది. మిగతా బుట్ట ధర అంత తేలిగ్గా దిగిరాలేదు. ఒక వస్తువును ఎంచుకుంటే గెలుపు సులువు, ఆ గెలుపు పరిధి కూడా అంతే.

ఈ ఉదాహరణల్లో అంతగా ప్రస్తావనకు రాని వర్గం ఒకటుంది. సంఘంలో సభ్యత్వం లేనివారు, నిన్నమొన్న వలస వచ్చినవారు, అద్దె ఒప్పందం లేకుండా గది పంచుకునేవారు. చీటీలో చేరాలంటే హామీ ఉండే మనిషి కావాలి, వంటశాలలో పేరు రాయించుకోవాలంటే పేటలో పాతవాళ్లకు పరిచయం కావాలి. సమాజం ఎంత గట్టిగా అల్లుకుని ఉంటే బయటివాడికి దారి అంత ఇరుకవుతుంది. స్థానిక చొరవను నమ్ముకుని ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే ముందుగా జారిపోయేది వీళ్లే. అందరికీ వర్తించే రేషన్, ధరలతో పాటు పెరిగే కనీస వేతనం, పింఛను లాంటివి ఎవరి పరిచయం మీదా ఆధారపడవు. అవి ఉన్న చోట స్థానిక సంఘాలు చేయవలసిన పనీ తేలికవుతుంది. లేనిచోట అదే సంఘాల మహిళలు తమ కూలి రోజును వదులుకుని ఆ లోటును పూడుస్తారు.

కాబట్టి స్థానిక పాలక సంస్థలు ఈ బృందాలకు ఇవ్వవలసినవి ప్రశంసాపత్రాలు కావు. టోకున కొనడానికి తిరిగి చెల్లించే పెట్టుబడి, సరుకు నిల్వకు గది, వంటశాలలో పనిచేసేవారికి రోజు వేతనం, మార్కెట్లో టోకు, చిల్లర ధరల మధ్య తేడాను వారం వారం బహిరంగంగా ప్రకటించే ఏర్పాటు. చివరిది దాదాపు ఖర్చు లేనిది, అయినా తక్కువగా జరిగేది. ఎక్కడ ఎంత వాటా ఎవరు తీసుకుంటున్నారో తెలిస్తే, పది ఇళ్లు కలిసి దుకాణదారుతోనో ఇంటి యజమానితోనో మాట్లాడేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది.