నెటిల్‌ను కూరగా వండుకోండి, సంజీవనిని చేయకండి

ముట్టుకుంటే కుట్టే నెటిల్ మొక్క కొందరికి మందు కొట్టి చంపాల్సిన కలుపు, మరికొందరికి సర్వరోగ నివారిణి. దాన్ని మామూలు ఆకుకూరగా చూసేవాళ్లే కరువయ్యారు. నా బాధంతా అదే.

నెటిల్ పొడులు, గుళికల ప్రచారం చూస్తే ఒళ్లు మండుతోంది. రక్తం శుద్ధి అవుతుందట, కీళ్లనొప్పులు మాయమట, ఇనుముకు గని అట! ఉడికించిన 100 గ్రాముల నెటిల్‌లో ఇనుము 1.6 మిల్లీగ్రాములే. అసలు గొప్ప కాల్షియంలో ఉంది: దాదాపు 480 మిల్లీగ్రాములు. అంతే బరువున్న ఆవుపాలలో ఉండేది దాదాపు 120. ఉన్న నిజమే ఇంత బాగుంటే అబద్ధం దేనికి? విటమిన్ కె కూడా దండిగా ఉంటుంది కాబట్టి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫారిన్ మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు. ప్రచారంలో పెద్ద అక్షరాలతో వేయాల్సిన మాట ఇది.

ఇక భయం సంగతి. ఆకుల మీదా కాడల మీదా ఉండే సన్నటి నూగే దాని ఆయుధం. ఒక్కో వెంట్రుక కొన సిలికాతో గాజులా పెళుసుగా ఉంటుంది. తగలగానే పుటుక్కున విరిగి, మిగిలిన మొన సూదిలా దిగి, హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ లాంటి రసాయనాలను చర్మంలోకి వదులుతుంది. మంట, దద్దుర్లు అందుకే. మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచితే ఆ సూదులు చచ్చుబడతాయి. గిన్నెడు ఆకు గుప్పెడవుతుంది, ముదురు పచ్చగా నిగనిగలాడుతుంది. ఆ నీళ్లను పారబోయకండి, చారులో వాడుకోవచ్చు.

చేతికి తొడుగు వేసుకుని లేత తలలే తుంచాలి, అదీ పూతకు ముందే. పూత వచ్చాక ఆకులో కాల్షియం కార్బొనేట్ రేణువులు పేరుకుని పంటికింద గరగరలాడతాయి, మూత్రనాళానికీ ఇబ్బంది కలిగించవచ్చు. కుట్టే ప్రతి మొక్కా నెటిల్ కాదు. ఆస్ట్రేలియాలోని జింపీ-జింపీ కూడా ఆ కుటుంబానిదే, అది కుడితే నొప్పి నెలల తరబడి తిరగబెట్టవచ్చు. గుర్తుపట్టడం వచ్చినవాళ్లు పక్కన లేకుండా అడవి ఆకు ఏదీ నోట్లో పెట్టకండి.

నెటిల్ నైట్రోజన్, ఫాస్ఫరస్ దండిగా ఉన్న నేలలో, పెంటకుప్పల పక్కన, పాడుబడిన ఇళ్ల చుట్టూ ఏపుగా పెరుగుతుంది. మురుగు పక్కన, రోడ్డు వారన, కలుపుమందు పడిన చోట మాత్రం కోయవద్దు.

ఆ కలుపుమందు మీదే నా అసలు కోపం. పీకాక్, స్మాల్ టార్టాయిస్‌షెల్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఈ ఆకు తినే పెరుగుతాయి. ఒక గుబురు మీద మందు చల్లితే వాటి మేత పోతుంది, మన కూరా పోతుంది. అడ్డంగా ఉంటే కొడవలితో కోయండి, మళ్లీ లేత చిగుళ్లు వేస్తుంది. కోసేముందు ఆకు తిప్పి చూడండి. గుడ్లో పురుగులో కనబడితే ఆ గుబురును వదిలి పక్కదానికి వెళ్లండి.