ఆ ట్రయల్స్‌లో మన పేషెంటు ఏడీ?

ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు ఒక మందు కాదు, రెండు కలిపి ఇవ్వాలన్నది ఇప్పుడు ఖాయమైంది. 2020లో ఫలితాలు వెలువడ్డ ఒక ట్రయల్‌లో (మనుషుల మీద చేసే మందు పరీక్షలో) అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేది), బెవాసిజుమాబ్ (గడ్డకు రక్తనాళాలు పెరగనివ్వనిది) జోడీ తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత 67 శాతం మంది బతికున్నారు. పాత మందు సొరాఫెనిబ్ మీద ఉన్నవాళ్లలో 55 శాతమే. తర్వాత వచ్చిన జోడీల్లో కొన్ని నెగ్గాయి, కొన్ని చతికిలపడ్డాయి.

నా పేచీ వేరు. ఆ ట్రయల్‌లోకి తీసుకున్నది కాలేయం ఇంకా బాగానే పనిచేస్తున్నవాళ్లను. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి, ముందే ఎండోస్కోపీ చేసి చూశారు. మరి ఏటూరునాగారం నుంచి బస్సెక్కి వరంగల్ ఎంజీఎంకు వచ్చే మనిషి సంగతేంటి? ఏళ్ల తరబడి గుడుంబా తాగిన కాలేయం అది. కళ్లు పచ్చబడితే ముందు పసరు మందు, పత్యం. కడుపులో నీరు చేరి, లుంగీ ముడి బొడ్డు కిందికి జారాక గానీ పెద్దాసుపత్రి గుర్తుకు రాదు. ఆయనకు ఆ జోడీ మేలు చేస్తుందా, ఉన్న నాలుగు నెలలూ లాగేసుకుంటుందా? ఆ ట్రయల్ చెప్పలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే అడగలేదు. అడగాల్సింది ఇక్కడే, కాకతీయ మెడికల్ కాలేజీలో, ఇలాంటి కాలేయాలున్న మనుషులతోనే.

మా జనాన్ని ఎలుకలను చేస్తారా అనేవాళ్లున్నారు. ఆ కోపం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలామంది బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. అయితే అది సంతకాల మోసం. దానికి విరుగుడు, అంగీకార పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, ఇంటివాళ్ల ముందు అడగడం. అంతేగానీ ట్రయల్సే వద్దనడం కాదు.

అసలు సంగతి ధర. రెండు మందులంటే రెండు బిల్లులు. బెవాసిజుమాబ్‌కు మన కంపెనీల చవక రకాలు వచ్చాయి, జోడీలోని ఇమ్యునోథెరపీ మందు అటెజోలిజుమాబ్ మాత్రం ఇప్పటికీ లక్షల్లోనే. సొరాఫెనిబ్ కథ ఇంత త్వరగా ఎలా మర్చిపోయాం? నెలకు సుమారు 2.8 లక్షలున్న ఆ మందును 2012లో కంపల్సరీ లైసెన్స్‌తో (పేటెంటు వేరేవాళ్లదైనా తయారు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) రూ.8,880కి అమ్మింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కోనే. పేటెంటు ఉన్న బేయర్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా లైసెన్స్ నిలిచింది. దేశంలో అలాంటి లైసెన్స్ అదే మొదటిది. ఆ దారిలో రెండో అడుగు వేయడానికి ఢిల్లీకి ధైర్యం చాలలేదు.

కాబట్టి కంపెనీలు వరంగల్‌కు రావాలి, షరతులతో రావాలి. ట్రయల్ ముగిశాక కూడా పేషెంటుకు పనిచేసినన్నాళ్లు మందు ఉచితం. ఆరోగ్యశ్రీకి ఏ ధరకిస్తారో అనుమతి ఇచ్చే రోజే కాగితం మీద రాయాలి. కుదరదంటారా, లైసెన్స్ ఫైలు మళ్లీ తెరవాలి.